వండిన మనిషి తినని కూర

మా మామ్మ ఎవరినైనా అనుమానించాలంటే ముందు వాళ్లు మంచివాళ్లయి ఉండాలి. చెడ్డవాళ్ల సంగతి ఊరందరికీ తెలిసిందే, వాళ్ల మీద అనుమానం దండగ అనేది. మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. నర్సీపట్నంలో మా ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. పాలవాడు నవ్వితే నీళ్లు ఎక్కువ కలిపాడని, పాస్టరుగారు మా ఇంట్లో కాస్త ఎక్కువసేపు ప్రార్థన చేస్తే ఎవరో మన మీద చాడీలు చెప్పారని తేల్చేసేది. ఆవిడ పెంపకంలో పెరిగిన నాకూ ఆ గుణం బాగానే అబ్బింది. ఇప్పటికీ ఎవరైనా ఊరికే పలకరిస్తే ఏం పని పడిందో అనుకుంటాను. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి పీట వేసి, కంచం పెట్టి మర్యాద చేసేవాళ్లం.

అలాంటి ఇంట్లో మా అమ్మకి కడుపునొప్పి మొదలైంది.

తొంభైల్లో సంగతి. నేను హైస్కూల్లో చదువుతున్నాను. నాన్న ఫారెస్టు డిపోలో వాచరు. అమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. నొప్పి కుడివైపు పక్కటెముకల కింద పట్టుకునేది. అక్కణ్నించి వీపులోకి, కుడి భుజం దాకా పాకేది. అమ్మ మిషను ఆపేసి, వంగిపోయి, గోడ పట్టుకుని కూర్చునేది. వాంతి వచ్చేలా ఉండేది, వచ్చేది కాదు. చాలాసేపటికి దానంతటదే తగ్గేది. తగ్గాక ముఖం కడుక్కుని, ఏమీ జరగనట్టు మళ్లీ జాకెట్టు చేతులు అతుకుతూ కూర్చునేది.

మా ఊరి డాక్టరుగారు గ్యాస్ అన్నారు. గ్యాస్ బిళ్లలు అయిపోయాయి గానీ నొప్పి అయిపోలేదు. చివరికి నాన్న విశాఖపట్నం తీసుకెళ్లి కడుపు స్కానింగ్ చేయించాడు. పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనని అక్కడి డాక్టరు అనుమానం. రాళ్లు లేవు. లివర్ బావుంది, కిడ్నీలు బావున్నాయి, అన్నీ బావున్నాయి. నాన్న సంతోషంగా ఇంటికొచ్చి రాళ్లు లేవట అని వీధిలో అందరికీ చెప్పాడు. అమ్మ మాత్రం దిగులుగా కూర్చుంది. మా వీధిలోనే ఒక టీచరమ్మగారికి పిత్తాశయం తీసేశారు. ఆవిడ తన రాళ్లని చిన్న సీసాలో దాచుకుని, వచ్చినవాళ్లందరికీ కాఫీతో పాటు చూపించేవారు. ఆవిడ నొప్పిని ఎవరూ కాదనలేదు. మా అమ్మకి చూపించడానికి సీసా లేదు.

"రాయీ లేదు, రప్పా లేదు. మరి నొప్పెలాగొస్తాది?" అని మామ్మ అడిగింది.

"పైత్యం అయ్యుంటాదండీ," అంది పక్కింటావిడ.

మన భాషలో ఈ మాటకి రెండు మొహాలు. పిత్తం పెరిగితే పైత్యం. బుర్ర తిరిగి పిచ్చిపిచ్చిగా మాట్లాడినా పైత్యమే. పక్కింటావిడ ఏ అర్థంలో అందో ఆవిడకే తెలియాలి. నాకైతే రెండోదే అనిపించింది, ఎందుకంటే ఆ మాట అంటూ మూతి పక్కకి తిప్పింది. అమ్మకీ అలాగే అనిపించినట్టుంది. ఆ తర్వాత నొప్పి వచ్చినా బయటికి చెప్పడం తగ్గించింది.

కానీ మామ్మ ఊరుకునే మనిషి కాదు. డాక్టర్లు వదిలేసిన కేసు తను పట్టుకుంది. నొప్పి ఎప్పుడొచ్చింది, ఆ పూట ఏం తింది, ఎవరింట్లో తింది అని అమ్మని కూర్చోబెట్టి ఆరా తీసింది. మా ఇంట్లో తిన్నప్పుడు నొప్పి రావడం తక్కువ. మా ఇంట్లో ఏం తింటాం? పప్పు, చారు, గోంగూర, ఎండుచేపల పులుసు. గట్టిగా పట్టినప్పుడల్లా ఒకే ఇల్లు తేలింది. అది పాయకరావుపేటలో మా పెద్దమ్మ ఇల్లు.

పెద్దమ్మ గురించి చెప్పాలి. ఆవిడ మా అమ్మకి ఒక్కగానొక్క అక్క. మా వైపు కొందరు అక్కని అప్ప అంటారు, అమ్మ ఆవిడని "అప్పా" అనే పిలిచేది. అమ్మ పసిపిల్లగా ఉండగానే మా అమ్మమ్మ పోయింది. అమ్మకి జడలు వేసింది, బడికి పంపింది, పెళ్లి చేసింది అప్పే. అమ్మకి పుట్టిల్లంటే ఆ ఇల్లే, తల్లంటే ఆ మనిషే. ఆ ఇల్లు కాదనుకుంటే ఈ లోకంలో అమ్మకి తనవాళ్లంటూ వెళ్లడానికి ఇంకో గడప లేదు. ఇది మామ్మకీ తెలుసు. తెలిసే అంది.

"మీ అప్పే నీకు మందు పెట్టింది."

మందు అంటే మా వైపు ఆస్పత్రి మందూ మందే, సారా మందూ మందే, అన్నంలో కలిపి పెట్టే పెట్టుడు మందూ మందే. పగపట్టినవాళ్లు ఏ కూరలోనో కలిపి తినిపిస్తారని, అది పేగులకి పట్టుకుని మనిషిని కొంచెం కొంచెంగా తినేస్తుందని నమ్మకం. స్కానింగుకి దొరకదు. రాయి లేకుండా నొప్పుందంటే మందు ఉన్నట్టేనని మామ్మ తీర్పు.

అమ్మ మొదట్లో కోపంగానే అంది. "మా అప్ప అలాంటిది కాదత్తా. నన్ను పెంచింది."

"అదే సెప్తన్నాను. పెంచినోలు పెడితేనే కదా నువ్వు తింతావు. దారిని పోయేవోలు పెడితే తింతావేటి?"

 మా మామ్మ వాదనలకి ఎప్పుడూ జవాబు ఉండేది కాదు, అదే వాటి బలం.

పైగా ఒక సంగతి అందరి కళ్లముందూ ఉంది. పెద్దమ్మది వంటలో ఎత్తిన చెయ్యి. చర్చి సంఘంలో ఎవరింట కృతజ్ఞతా కూడిక, అంటే ప్రార్థన చేసి భోజనాలు, పెట్టుకున్నా ఆవిడే గరిటె పట్టాలి. పైకి నూనె తేలే మేక మాంసం కూర, జీడిపప్పు పోసినట్టు వేసిన పలావు, నెయ్యి కారే బూరెలు. పదిమందికి కొసరి కొసరి వడ్డించేది. తను మాత్రం ఒక్క ముక్క ముట్టేది కాదు. "నువ్వు తినవేటమ్మా?" అని ఎవరైనా అడిగితే, "వండినోలకి వాసనతోనే కడుపు నిండిపోద్ది," అని నవ్వేసేది.

నాకు ఆ నవ్వు మీద ఎప్పణ్నించో కన్నుంది. ఒక కూడిక రోజు అందరూ తిని పాటలు పాడుకుంటుంటే నేను వంటింటి గుమ్మం దగ్గర నక్కి చూశాను. పెద్దమ్మ పొయ్యి పక్కన చతికిలబడి, గంజన్నంలో ఉప్పు కలుపుకుని తింటోంది. పక్కనే దాకలో కూర ఇంకా ఉంది. దాని వైపు చూడను కూడా చూడలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి మామ్మకి చేరవేశాను. మామ్మ నా తల నిమిరింది. ఆవిడ నన్ను మెచ్చుకోవడం చాలా అరుదు.

ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. అమ్మ నొప్పి సంగతి పెద్దమ్మకి తెలిసింది. మరుసటి కూడికలో అమ్మ కంచంలో కూర వెయ్యబోతున్న వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపి, "దానికొద్దులే, సారన్నం తింతాది. నువ్వు ఈ కూర తినకే, నీకు పడదు," అంది. ఇంటికొచ్చాక మామ్మ మోకాలి మీద కొట్టుకుని మరీ నవ్వింది.

"సూసేవా? భయపడిపోనాది. మందు ఎక్కువైపోయి నువ్వు సచ్చిపోతే పోలీసులొస్తారని ఇప్పుడు మానిపిత్తంది. ఆ కూరలో ఏటీ లేకపోతే నీకు పడదని దానికెలా తెలుసు?"

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఏడవనూ లేదు. ఆ ప్రశ్న అమ్మలో దిగిపోయిందని నాకు అర్థమైంది. నిజమే కదా, ఆవిడకెలా తెలుసు?

మాది మిషనరీల కాలం నుంచీ వస్తున్న క్రైస్తవ కుటుంబం. మంత్రాలకీ తాయెత్తులకీ దూరం. మామ్మ చర్చి స్త్రీల సమాజంలో బైబిలు వాక్యం చెప్పేది కూడా. అయినా గొలుగొండ వైపు ఒక పల్లెలో మందు తీసే ముసలమ్మ ఉందని విని, సంఘంలో ఎవరికీ తెలియకుండా అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరింది. బస్సులో దారిపొడుగునా కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది, తప్పు క్షమించమనో, ముసలమ్మ చెయ్యి మంచిదవ్వాలనో.

ముసలమ్మ చెరుకుతోట పక్కన పాకలో ఉంది. అమ్మ నాలుక చూసింది, కళ్ల కింద రెప్పలు లాగి చూసింది. ఆఖర్న ఒక్క ప్రశ్న అడిగింది.

"నీకు వండి పెట్టి, తను తినని మనిషి ఎవులమ్మా?"

అమ్మ పాక గుమ్మం వైపు చూసింది. మామ్మ మోచేత్తో పొడిచింది.

"మా అప్ప," అంది అమ్మ.

ముసలమ్మ తల ఊపింది. ఏదో ఆకు పసరు తాగించి, మెడ వెనక తట్టి కక్కించింది. కక్కిన దాంట్లో పుల్ల పెట్టి కెలికి, నల్లటి ఉండ ఒకటి బయటికి తీసింది. దాని చుట్టూ వెంట్రుకలు చుట్టి ఉన్నాయి. అమ్మ అది చూసి వెనక్కి జరిగింది. నేను మాత్రం ఆ ముసలమ్మ ఎడమచేతి వైపే చూస్తున్నాను. ఆ చెయ్యి అంతకుముందు కొంగులోకి వెళ్లొచ్చింది. చింతపండులో మసి కలిపితే అలాంటి ఉండ నేనూ చేసివ్వగలను. ఆ మాటే మామ్మతో అంటే నెత్తి మీద మొట్టింది. పెద్దమ్మ మీదా నాకు అనుమానమే, ముసలమ్మ మీదా అనుమానమే. నా అనుమానానికి పక్షపాతం లేదు.

ముసలమ్మ పథ్యం చెప్పింది. నూనె, నెయ్యి, మాంసం, కొబ్బరి ముట్టకూడదు. ఎవరింట్లోనూ తినకూడదు. అమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. నొప్పి పోయింది. ఏ మాత్ర వేసినా పోనిది నిజంగానే పోయింది. ఇంక మామ్మని పట్టడానికి లేదు. దాంతో నా నోరూ మూతపడింది. ఉండ అబద్ధమే కావచ్చు గానీ నొప్పి పోవడం కళ్లముందు కనిపిస్తోంది కదా. నాన్న ఒక్కసారి మాత్రం "ఆవిణ్ని అడిగి చూడకూడదా?" అన్నాడు. అడిగితే దొంగ ఒప్పుకుంటాడా అంది మామ్మ. నాన్న డిపోకి వెళ్లిపోయాడు.

ఆ ఏడాది పెద్దమ్మ ఇంట్లో పెద్ద కూడిక. కొత్తగా రెండు గదులు వేసుకున్నారు. వెళ్లకపోతే ఊరు అడుగుతుంది. వెళ్తే తినాలి. మామ్మ దానికీ ఉపాయం చెప్పింది.

అమ్మ క్యారేజీ పట్టుకెళ్లింది.

తల్లిలాంటి అక్క ఇంట్లో కొత్త గదుల కూడికకి, ఇంటి దగ్గర వండుకున్న అన్నం, చారు క్యారేజీలో పెట్టుకుని వెళ్లింది. ప్రార్థన అయింది. పందిట్లో చాపలు వేశారు. సంఘస్థులు, ఇరుగుపొరుగు అందరూ కూర్చున్నారు. పెద్దమ్మ కొత్త చీర కొంగు నడుముకి దోపుకుని, వరసలో ముందుగా అమ్మ విస్తరిలోకే వంగింది. అమ్మ విస్తరి పక్కకి జరిపి, సంచిలోంచి క్యారేజీ తీసి మూత విప్పింది. ఒక్క మాట కూడా అనలేదు. అనక్కర్లేదు. మా వైపు చుట్టాలింటికి క్యారేజీతో వెళ్లి అక్కడే విప్పుకు తినడమంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నీ చేతి తిండి మీద నాకు నమ్మకం లేదని అర్థం.

పెద్దమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. గరిటెలోంచి పలావు మెతుకులు చాప మీద పడ్డాయి. అమ్మ తల వంచుకుని చారన్నం కలుపుకుంటోంది. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు చూశారు. మా మామ్మ పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ తన పక్కావిడకి చెప్పింది. వరస చివరి దాకా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పటిదాకా మాంసం ముక్కలు కొరుకుతున్న వాళ్లు ఒక్కొక్కరే చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు పెద్దమ్మ వండిన కూర దాకలకి దాకలు మిగిలిపోయింది.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. అమ్మ వెళ్లొస్తానని చెప్పలేదు. ఆవిడా రమ్మనలేదు. తాండవ నది వంతెన అవతల తునిలో బస్సెక్కాక, అమ్మ ఖాళీ క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు భయం వేసింది. అమ్మని అలా ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి రాకపోకలు లేవు. చుట్టుపక్కల ఆడవాళ్లు పుట్టింటికి వెళ్లొచ్చి తెచ్చుకున్న పచ్చళ్లు, పిండివంటలు పంచితే అమ్మ తీసుకుని లోపల పెట్టేది, తినేది కాదు. ఎవరి పురుడు సంగతి వచ్చినా, ఎవరి తల్లి సంగతి వచ్చినా మిషను జోరు పెంచేది. చక్రం చప్పుడులో మాటలు వినపడవు కదా. అప్పుడప్పుడూ ఏ పెళ్లిలోనో పలావు తిన్నప్పుడు నొప్పి మళ్లీ వచ్చేది. పాత మందు వేరు ఇంకా మిగిలిపోయిందని మామ్మ అనేది. అమ్మ సరేననేది. పోగొట్టుకున్నదాని కంటే పట్టుకున్న కారణం చిన్నదైపోతుందని భయం కాబోలు, ఆ కారణాన్ని గట్టిగా పట్టుకుంది.

నాకు ఉద్యోగం వచ్చి విశాఖపట్నంలో హాస్టల్లో చేరాను. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఒక ఆదివారం స్నేహితురాలి పుట్టినరోజుకి బిర్యానీ తిన్నాం. సాయంత్రానికి కుడివైపు పక్కటెముకల కింద పట్టేసింది. వీపులోకి పాకి, భుజానికి ఎక్కింది. మంచం పట్టీ పట్టుకుని వంగిపోయాను. ఆ వంగడం నాకు తెలుసు. అమ్మది అది.

ముందు హాస్టల్ వంటమనిషిని అనుమానించాను. తర్వాత నాకు పడని పక్కగది అమ్మాయిని. నా పెంపకం అలాంటిది. నర్సీపట్నం ఫోన్ చేస్తే మామ్మ మంచం మీంచే తీర్పు చెప్పింది. "అదేదో కొత్తది కాదే. సిన్నప్పుడు మీ పెద్దమ్మింట్లో తిన్నావు కదా. అది ఇప్పుడు లేసింది." పదేళ్లకి పైగా నిద్రపోయి లేచే మందు! మొదటిసారి నాకు మామ్మ మీదే గట్టి అనుమానం వచ్చింది.

అమ్మ వచ్చింది. ఇద్దరం డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాం. స్కానింగ్ చేశారు. ఊహించిందే, రాళ్లు లేవు. నాకు ఏడుపొచ్చింది, ఇంక నన్నూ పైత్యం అంటారు కదా అని. డాక్టరమ్మగారు మాత్రం గ్యాస్ బిళ్లలు రాయలేదు.

"బయటికెళ్లి బాగా నెయ్యి వేసిన దోసె, రెండు ఆమ్లెట్లు తినండి. తిని గంటకి రండి, మళ్లీ స్కాన్ చేద్దాం," అన్నారు.

అమ్మ హడలిపోయింది. హోటల్లో నేను తింటున్నంతసేపూ నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆస్పత్రి వరండాలోకి వచ్చేసరికి నొప్పి పట్టింది. ఈసారి దాన్ని చూడటానికి ఒక డాక్టరు ఉన్నారు. బల్ల మీద పడుకోబెట్టి, చల్లటి జిగురు రాసి, తెర వైపు చూపించి మా అమ్మకి చెప్పారు.

"ఇదిగోండి, పిత్తాశయం. పసరు దాచుకునే సంచీ అన్నమాట. నూనె, నెయ్యి తిన్నప్పుడు ఇది బిగుసుకుని ఆ పసరుని పేగులోకి పిండాలి. ఇందాక ఎంతుందో ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. పిండుకోవడం లేదు. దీనికి రాళ్లే ఉండాలనేం లేదండీ. రాయి లేకుండా కూడా ఇది చెడుతుంది. మాత్రలతో, పథ్యంతో చూద్దాం. మరీ ఎక్కువైతే తీసేయొచ్చు."

పథ్యం అన్న మాటకి అమ్మ తలెత్తింది. "నూనె మానేస్తే తగ్గుతాదాండీ?"

"చాలామందికి తగ్గుతుంది. మీకెలా తెలుసు?"

అమ్మ తన నొప్పి సంగతి చెప్పింది. ముసలమ్మ సంగతి చెప్పలేదు. డాక్టరమ్మగారు ఆశ్చర్యపోలేదు. కొన్ని ఇళ్లలో ఇది తల్లికీ పిల్లలకీ, అక్కచెల్లెళ్లకీ కనిపిస్తూ ఉంటుందని, ఎందుకన్నది గట్టిగా చెప్పలేమని అన్నారు.

"మీ అమ్మగారికి ఉండేదా?"

"నాకు ఊహ తెలీకముందే పోయిందండీ."

"తోడబుట్టినవాళ్లు?"

"ఒక అప్ప ఉందండీ."

"ఆవిడకి ఇలాంటి నొప్పేమైనా? నూనె వస్తువులు తింటారా ఆవిడ?"

"తినదండీ. ఎంత బాగా వండుతాదో, అందరికీ పెడతాది గానీ, తను మాత్రం ఒక్క ముక్క కూడా..."

అక్కడ అమ్మ ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. డాక్టరమ్మగారు వాక్యం పూర్తవుతుందని చూశారు. తర్వాత రాసుకోవడంలో పడిపోయారు. అమ్మ కుర్చీ అంచు రెండు చేతులా పట్టుకుని నా వైపు తిరిగింది. నాకూ అప్పుడే తట్టింది. పొయ్యి పక్కన గంజన్నం. "నీకు పడదు" అన్న మాట. ఆవిడకెలా తెలుసు అని మేమంతా అడిగిన ప్రశ్న. ఆవిడకి తెలియదా మరి!

బస్టాండులో నర్సీపట్నం బస్సు సిద్ధంగా ఉంది. అమ్మ దాన్ని దాటుకుని వెళ్లి తుని బస్సెక్కింది. నేను వెనకాలే ఎక్కాను. 

పాయకరావుపేటలో ఆ ఇల్లు వెల్లవేసి చాలాకాలమైనట్టుంది. పెద్దమ్మ బాగా సన్నబడింది. ఆ సాయంత్రం వాళ్లింట్లో చిన్న కూడిక ఉందట, పొయ్యి మీద మాంసం కూర ఉడుకుతోంది. గుమ్మంలో మమ్మల్ని చూసి గరిటె పట్టుకునే నిలబడిపోయింది. ముందు చూపు అమ్మ చేతుల మీదికి వెళ్లింది, క్యారేజీ సంచీ ఏమైనా ఉందేమోనని.

అమ్మ గుమ్మం దాటకుండానే చెప్పడం మొదలెట్టింది. పసరు సంచీ అంది, పిండుకోవట్లేదంది, దోసె అంది, అక్కచెల్లెళ్లంది. వరస లేదు, ఊపిరి లేదు. పెద్దమ్మ అంతా విని, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మాయమ్మకీ అదేనే. నువ్వప్పటికి పాలు తాగే గుంటవి. డొక్క పట్టుకుని అలాగే గోడకి వొరిగిపోయేది. నాకూ పెళ్లయిన కొత్తలోనే మొదలైపోనాది. మా అత్త ‘పైత్యం గుంటని మాకు అంటగట్టీసేరు’ అని వీధిలో అరిసింది. అప్పట్నించి ఎవులికీ సెప్పలేదు. మాంసం మానీసేను, నొప్పి పోనాది, అంతే."

"నాకైనా సెప్పొచ్చు కదప్పా."

"సెప్పేను కదే, తినకు నీకు పడదని."

"క్యారేజీ తెచ్చిన నాడు ఒక్క మాట అంటే..."

"నువ్వు మూత ఇప్పీసినాక ఇంకేటి సెప్పాల? నేను పెంచిన గుంటే నమ్మలేదు, ఊరు నమ్ముతాదేటి?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బావుండేది. అమ్మ గడప మీదే కూలబడి, "ఆకలేస్తందప్పా, అన్నం పెట్టు," అంది. నిజానికి ఆకలి కాదు. పెద్దమ్మకీ నాకూ అది తెలుసు.

పెద్దమ్మ లోపలికి వెళ్లి రెండు కంచాలు కడిగి తెచ్చింది. మాకు కూర వెయ్యలేదు. వేడన్నం పెట్టి, చారు పోసింది. అమ్మ చెయ్యి చాపేలోపే, పెద్దమ్మ అమ్మ కంచంలోంచి ఒక ముద్ద కలిపి, మేమిద్దరం చూస్తుండగా తను తింది. నమిలి, మింగి, అప్పుడు కంచం అమ్మ ముందుకి జరిపింది.

"ఏటప్పా అది?"

"అలవాటైపోనాదే. నువ్వు క్యారేజీ తెచ్చిన కాణ్నించి, నేను ముందు ఒక ముద్ద తిని సూపిత్తే గానీ మా ఇంట్లో ఎవులూ సెయ్యి పెట్టరు. పోనీ కూడికలు మానేద్దామంటే, తప్పుంది గాబట్టే మానీసింది సూసేవా అంటారు."

అమ్మ పొయ్యి వైపు చూసింది. కూర మీద నూనె తేలుతోంది. "అదీ తింతన్నావా? మరి నొప్పి?"

"వస్తాది, పోద్ది. జనం తినాల కదా."

అని, ఇంక నా కంచం వైపు తిరిగి, అందులోంచి కూడా ఒక ముద్ద తీసుకోబోయింది. అమ్మ ఆ చెయ్యి మణికట్టు దగ్గర పట్టేసుకుంది. పెద్దమ్మ విడిపించుకోవాలని చూసింది. అమ్మ వదల్లేదు. కళ్లలోంచి నీళ్లు కారి చారులో పడుతున్నా రెండు చేతులతో ఆ చేతిని అలాగే పట్టుకుని ఉంది.

"ఒగ్గీవే," అంది పెద్దమ్మ మెల్లగా. "గుంటకి అన్నం సల్లారిపోద్ది."